బాల సభ పెడుతున్నారా? ముందు జవాబు చెప్పేవాళ్ళను ఒప్పించండి

నమస్తే టీచర్ గారూ.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గ్రామసభకు ముందు బాల సభ, అంటే ఊరి పిల్లలు తమ కష్టాలు, కోరికలు పంచాయతీకి చెప్పుకునే సభ, పెట్టమని పంచాయతీ కార్యదర్శి చెప్పారు. పోయినేడు సభలో టీచర్లు రాసిచ్చింది నలుగురు పిల్లలు అప్పజెప్పి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయారు. ఈసారి పిల్లలు సొంతంగా మాట్లాడాలంటే ఏం చేయాలి, పైగా "చిన్నపిల్లలకేం తెలుసు, హక్కులని చెబితే నెత్తికెక్కుతారు" అంటున్న సర్పంచ్ గారికి ఏం చెప్పాలి, ఇదీ మీరు అడిగింది. నేను పాలమూరు వైపు పల్లెల్లో, తండాల్లో ఇరవై ఏళ్ళకు పైగా బడి మానేసిన పిల్లలతో పనిచేస్తున్నాను. బాల సభలు చాలా చూశాను, మొదట్లో నేను నడిపినవి సరిగ్గా నడపలేదు కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పిల్లల చేత ఎలా మాట్లాడించాలి అనే అందరూ అడుగుతారు. నా అనుభవంలో అది అంత కష్టమైన పని కాదు, వినేవాళ్ళున్నారని నమ్మకం కుదిరితే పిల్లలు ఆపమన్నా ఆపరు. కష్టమంతా ఆ తర్వాత ఉంది, వాళ్ళు చెప్పినదానికి పెద్దవాళ్ళ చేత జవాబు చెప్పించడంలో.

నేను చేసిన తప్పు చెప్తాను. కొత్తలో ఒక ఊళ్ళో సభ పెట్టాం. అరవై మందికి పైగా పిల్లలొచ్చారు, బాగా మాట్లాడారు, బడిలో బోరింగు పనిచేయట్లేదని, దొడ్డికి పోవడానికి చాటు లేదని, నాన్న తాగొచ్చి పుస్తకాలు చింపుతున్నాడని. అన్నీ రిజిస్టర్‌లో రాసుకున్నాం, ఫొటోలు దిగాం, బిస్కెట్లు పంచాం. మరుసటి ఏడు అదే ఊరికి వెళ్తే పిల్లలు వచ్చారుగానీ ఎవరూ నోరు తెరవలేదు. చివరికి ఏడో తరగతి పిల్ల ఒకమ్మాయి లేచి, "పోయినసారి మేం చెప్పినయ్ ఏమైనయ్ అక్కా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రిజిస్టర్ ఏడాది పొడుగునా బీరువాలో ఉంది, ఒక్కరం కూడా తీసి చూడలేదు. ఆ పిల్లల నమ్మకం మళ్ళీ తెచ్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

అందుకని మీకు నా మొదటి సలహా: సభకు పది పదిహేను రోజుల ముందు పిల్లల దగ్గరికి కాదు, పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. సర్పంచ్, కార్యదర్శి, అంగన్‌వాడీ టీచర్, ఏఎన్ఎం, లైన్‌మన్, మీ హెడ్‌మాస్టర్, వీలైతే మండలం నుంచి ఒకరు, వీళ్ళంతా వస్తామని ఒప్పుకున్నాకే తేదీ పెట్టండి. వాళ్ళకు ఒక షరతు కూడా ముందే చెప్పండి. పిల్లలు అడిగినదానికి మూడు రకాల జవాబులే చెల్లుతాయి. చేస్తాం, ఫలానా తేదీలోపు. చేయలేం, ఫలానా కారణం వల్ల. ఇది మా చేతిలో లేదు, ఫలానా ఆఫీసుకు రాసి పంపిస్తున్నాం. "చూద్దాం", "మీరు బాగా చదువుకోండమ్మా" అనేవి జవాబులు కావు. ఈ షరతు వినగానే కొందరు రామంటారు. అది ముందే తెలిసిపోవడం మంచిది.

డబ్బుల సంగతి కూడా తెలుసుకుని వెళ్ళండి, "ఫండ్స్ లేవు" అన్న మాట దగ్గరే చాలా సభలు ఆగిపోతాయి. ఉదాహరణకు 2021 నుంచి 2026 దాకా వర్తించేలా, కేంద్రం నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని నియమం. పిల్లలు ఎక్కువగా అడిగేవేమిటి? నీళ్ళు, మరుగుదొడ్లు, బడి పక్కన మురికి గుంట. ఇప్పుడు మీ పంచాయతీకి ఏ పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అన్నది కార్యదర్శిని కాగితం మీద అడిగి తీసుకోండి. పంచాయతీలు ప్రతి ఏటా తయారుచేసే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో 9 అంశాలుంటాయి, వాటిలో "బాలల స్నేహపూర్వక గ్రామం" ఒకటి. బాల సభ పెట్టమని కార్యదర్శి మిమ్మల్ని అడిగారంటే కారణం అదే. ఆయన పనికి మీ సభ కావాలి, కాబట్టి మీరు కొంచెం గట్టిగానే అడగొచ్చు.

ఇక పిల్లల దగ్గరికి వద్దాం. సభ రోజు మైకు ఇచ్చి మాట్లాడమంటే ఎప్పుడూ మాట్లాడే ఆ నలుగురే మాట్లాడతారు, అది వాళ్ళ తప్పు కాదు. అసలు పని సభకు ముందు వారంలో జరగాలి. పిల్లలను చిన్న గుంపులుగా కూర్చోబెట్టండి, ఆడపిల్లలను వేరుగా, మగపిల్లలను వేరుగా, చిన్నవాళ్ళను పెద్దవాళ్ళను వేరుగా. (ఆసరా లేని పిల్లలను ఉంచే బాలల సదనాల్లో పిల్లల కమిటీలు వేసేటప్పుడు కూడా 6 నుంచి 10, 11 నుంచి 15, 16 నుంచి 18 అని వయసు వారీగా విడివిడిగా వేయాలని 2016 నాటి జువెనైల్ జస్టిస్, అంటే బాలల న్యాయం, నమూనా నిబంధనల్లో ఉంది. పెద్దపిల్లల ముందు చిన్నపిల్లలు మాట్లాడరన్నది ఆ పని చేసిన వాళ్ళందరికీ తెలిసిందే.) బడి ఆవరణలో ముగ్గుపిండితో ఊరి బొమ్మ వేయించండి. ఇల్లు ఎక్కడ, బడి ఎక్కడ, నీళ్ళ ట్యాంకు ఎక్కడ, ఎక్కడ ఆడుకుంటారు, ఎక్కడికి వెళ్ళాలంటే భయం. భయమున్న చోట ఒక రాయి పెట్టమనండి, ఇష్టమున్న చోట ఒక ఆకు. మాటలు రాని పిల్లవాడు కూడా రాయి పెడతాడు.

ఒక ఊళ్ళో ఇలా చేయిస్తే మగపిల్లలు రాళ్ళన్నీ పాడుబడ్డ బావి చుట్టూ పెట్టారు, గోడ కూలిపోయిందని. ఆడపిల్లలు బావి దగ్గర ఒక్క రాయి కూడా పెట్టలేదు, అన్నీ బెల్టు షాపు ముందున్న దారి మీద పెట్టారు. సాయంత్రం ఆరు దాటాక ఆ దారిన రావాలంటే భయం, అందుకే తొమ్మిది, పది తరగతుల్లో స్పెషల్ క్లాసులకు ఉండట్లేదు. "ఆడపిల్లలకు చదువు మీద శ్రద్ధ తగ్గింది" అని స్టాఫ్ మీటింగ్‌లో ఆ ఏడాదంతా చర్చ జరిగింది. ఒకటో రెండో తరగతి పిల్లలు మటుకు రాళ్ళన్నీ ఒక ఇంటి ముందు పెట్టారు, అక్కడ కుక్క ఉంది. ఒకే ఊరు, మూడు వేర్వేరు ఊళ్ళలా కనిపించింది. పెద్దవాళ్ళం ఎంతమందిమి కూర్చుని ఆలోచించినా ఈ మూడు ఊళ్ళు మాకు కనిపించేవి కావు. "చిన్నపిల్లలకేం తెలుసు" అన్న సర్పంచ్ గారిని ఈ ముగ్గు దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళండి, వాదన అక్కర్లేదు.

ఇంకో మాట, బడికి వచ్చే పిల్లలే పిల్లలు కాదు. పత్తి ఏరడానికి పోయేవాళ్ళు, గద్వాల వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి పోయేవాళ్ళు, మిరప కోతలకు అమ్మానాన్నలతో వలస పోయి వచ్చినవాళ్ళు, ఇటుక బట్టీల దగ్గర వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చున్న పదేళ్ళ అక్క, వినికిడి లేదని బడికే పంపని పిల్లవాడు. వీళ్ళు సభకు రారు, మీరే వెళ్ళాలి. బాలకార్మికులను బడికి చేర్చే ఎంవీ ఫౌండేషన్ వాళ్ళు, దాన్ని నడిపిన శాంతా సిన్హా గారు 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో పని మొదలుపెట్టినప్పుడు చెప్పిన మాట, బడిలో లేని ప్రతి పిల్లా పిల్లవాడూ బాలకార్మికులే అని, నేను ఈ పనిలో నేర్చుకున్న మొదటి పాఠం అదే. తండా పిల్లలైతే లంబాడీలోనే మాట్లాడనివ్వండి. పుస్తకాల తెలుగులో చెప్పమంటే చెప్పాల్సిన విషయం పోయి వ్యాకరణం మిగులుతుంది. తర్జుమా చేయడానికి పెద్దతరగతి పిల్లలే ఉంటారు.

మాట్లాడటం హక్కు, డ్యూటీ కాదు. మాట్లాడనన్న పిల్లను బలవంతం చేయొద్దు.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన భాగం. మూత ఉన్న డబ్బా పెట్టి పేరు లేకుండా చీటీలు వేయమంటే, మామూలు విషయాల మధ్య ఒకటో రెండో మనసు కలచివేసేవి వస్తాయి. నాకు ఒకసారి "మాఘమాసంలో నా పెండ్లి, నాకు పదో తరగతి రాయాలనుంది" అన్న చీటీ వచ్చింది. పేరు లేదు, కానీ నలభై మంది ఉన్న తరగతిలో చేతిరాత అందరికీ తెలుసు. అలాంటి చీటీని సభలో చదివితే ఆ పిల్ల ఇంటికి వెళ్ళేలోపు విషయం ఇంట్లో తెలిసిపోతుంది, పెళ్ళి మాఘం దాకా ఆగదు, ఆ వారమే చుట్టాల ఊళ్ళో చేసేస్తారు. కాబట్టి చీటీలన్నీ సభకు ముందే మీరూ, పిల్లలు నమ్మే ఇంకొకరూ కలిసి చదవాలి. ఊరికి సంబంధించినవి సభకు, ఒక పిల్లకు సంబంధించినవి పక్కకు. పక్కకు తీసినవాటి మీద అదే రోజు కదలాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు. బాల్యవివాహమైతే అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌కో, ఆమె పై అధికారి సీడీపీవోకో చెప్పండి, 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం కింద పెళ్ళి జరగకముందే మేజిస్ట్రేట్ చేత ఆపే ఉత్తర్వు తెప్పించొచ్చు. ఆ పిల్లతో మాత్రం విడిగా, నెమ్మదిగా, ఏం చేయబోతున్నామో చెప్పి చేయండి. మా దగ్గర ఆ అమ్మాయి "అమ్మను పోలీసు స్టేషన్‌కు మాత్రం పిలవొద్దక్కా" అంది. అధికారులతో అదే చెప్పాం, ఇంటికే వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడి రాయించుకున్నారు. ఆ పిల్ల పరీక్షలు రాసింది. ఆమె మాట వినకుండా మనకు తోచినట్టు చేసి ఉంటే పెళ్ళి ఆగేదేమోగానీ ఆ పిల్ల ఇంట్లో ఉండగలిగేది కాదు. ఇదేదో ఎక్కడో ఒకచోట వచ్చే కష్టం అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. మీ బడిలోనూ ఉంటారు.

లైంగిక వేధింపుల విషయమైతే మీకు ఎంపికే లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా సరే పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలి, చెప్పకపోతే అది నేరం. అందుకే "నాకు చెప్పు, ఎవరికీ చెప్పను" అని పిల్లలకు మాట ఇవ్వకండి. "నీకు ప్రమాదం ఉన్న విషయమైతే సాయం చేసేవాళ్ళకు చెప్పాల్సి వస్తుంది, కానీ నీకు తెలియకుండా చేయను" అని ముందే చెప్పండి. ఇది వింటే కొందరు పిల్లలు వెనక్కి తగ్గుతారని మీకు అనిపించొచ్చు. కొందరు తగ్గుతారు, నిజమే. కానీ మాట ఇచ్చి తప్పిన టీచర్ దగ్గరికి ఆ పిల్ల జన్మలో మళ్ళీ రాదు.

బడిలో కొట్టడం గురించి కూడా చీటీలొస్తాయి, ఖాయం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. అయినా ఆ చీటీలు చదివేటప్పుడు స్టాఫ్ రూమ్‌లో ముఖాలు మారిపోతాయి. మీ తోటి టీచర్లతో సభకు ముందే మాట్లాడండి, ఎవరి పేరూ సభలో రాదని, కానీ విషయం మాత్రం హెడ్‌మాస్టర్ దగ్గర తేలాలని. సభ జరిగిన మర్నాడు "నా మీద ఎవరు రాశారు" అని ఒక్కరు అడిగినా సరే, ఆ బడిలో పిల్లలు ఇక ఏదీ చెప్పరు.

సర్పంచ్ గారి మాటకు వస్తాను. "నెత్తికెక్కుతారు" అన్న భయం చాలామంది తల్లిదండ్రుల్లోనూ ఉంది, వాళ్ళను తేలిగ్గా తీసేయొద్దు. చాలామందికి హక్కు అంటే పిల్లలు అడిగిందల్లా ఇవ్వాలని అర్థమవుతుంది. ఐక్యరాజ్యసమితి 1989 నవంబర్ 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఏం చెబుతుందంటే, తనకు సంబంధించిన ప్రతి విషయంలో తన అభిప్రాయం చెప్పుకునే హక్కు పిల్లలకుంది, వాళ్ళ వయసును, పరిణతిని బట్టి ఆ అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలి అని. విలువ ఇవ్వాలి అంది, ఆజ్ఞలా పాటించమనలేదు. నిర్ణయం పెద్దవాళ్ళదే, అడిగి తీసుకోవాలి, తీసుకున్నాక ఎందుకు తీసుకున్నామో చెప్పాలి, అంతే. మన దేశం 1992 డిసెంబర్‌లో దీనికి ఒప్పుకుంది. అసలు ఇదంతా విదేశాల నుంచి వచ్చిందనేవాళ్ళకు చెప్పండి, తల్లిదండ్రులు విడిపోయినప్పుడు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది తేల్చేటప్పుడు తెలివిగా చెప్పగల వయసున్న బిడ్డ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. దత్తత ఇచ్చేటప్పుడు బిడ్డ ఇష్టం చూడాలని ఇప్పటి జువెనైల్ జస్టిస్ చట్టంలో ఉంది. కోర్టు అడుగుతున్నప్పుడు పంచాయతీ ఎందుకు అడగకూడదు? మన తెలుగువాళ్ళ సంగతే తీసుకున్నా, పిల్లలను రేడియో మైకు ముందు కూర్చోబెట్టి వాళ్ళ గొంతులు ఊరూరా వినిపించిన రేడియో అన్నయ్య, అక్కయ్య, న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, మనవాళ్ళే కదా.

నేనైతే సర్పంచ్ గారికి ఇంకో మాట చెప్తాను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 18 ఏళ్ళ లోపువాళ్ళు 44 కోట్లకు పైనే. మీ ఊళ్ళోనూ మూడో వంతుకు అటూ ఇటుగా ఉంటారు. ఓటు లేదు కాబట్టి ఐదేళ్ళలో ఒక్కసారి కూడా వాళ్ళ దగ్గరికి ఎవరూ వెళ్ళి "నీకేం కావాలి" అని అడగరు. అడిగే ఒక్క రోజు ఈ సభ. పక్కనున్న కర్ణాటకలో మక్కళ గ్రామ సభ పేరుతో పంచాయతీలు పిల్లల సభలు పెడుతున్నాయి, అక్కడ పనికి వెళ్ళే పిల్లలే 1990లో భీమ సంఘ అని సొంత సంఘం పెట్టుకున్నారు, మన దగ్గరి పిల్లలకు ఆపాటి తెలివి లేదనుకోవడానికి కారణం నాకైతే కనిపించదు.

పోయినేడు మీ దగ్గర జరిగిన సభ గురించి బాధపడుతూ రాశారు. రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యూనిసెఫ్ కోసం రాసినదాంట్లో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. కింది మూడు మెట్లు పెద్దవాళ్ళు తమ మాటను పిల్లల నోట చెప్పించడం, పిల్లలను అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం పిలవడం. అవి భాగస్వామ్యం కింద లెక్కలోకే రావని ఆయన అన్నారు. మీ సభ ఒక్కటే కాదు, నవంబర్ 14న జరిగే సభల్లో చాలావరకు ఆ మూడు మెట్ల మీదే ఉన్నాయి. ఒకేసారి ఎనిమిదో మెట్టు ఎక్కాలని చూడకండి. ఈ ఏడు రాసిచ్చిన ఉపన్యాసం ఒక్కటి కూడా లేకపోతే చాలు.

సభ రోజు సంగతి త్వరగా చెప్పేస్తాను. వేదిక వద్దు, పెద్దవాళ్ళు కూడా అదే జంపఖానా మీద గుండ్రంగా కూర్చోవాలి. స్వాగతోపన్యాసాలు, దండలు లేకుండా నేరుగా మొదలుపెట్టండి, లేదంటే పిల్లలు మాట్లాడే సమయానికి భోజనం గంట కొడుతుంది. అంశాలు ఐదారుకు మించొద్దు, ఏవి ముఖ్యమో పిల్లలే చింతగింజలు వేసి తేల్చుకోవాలి. ప్రతి అంశం ఇద్దరు పిల్లలు కలిసి చెబితే ధైర్యంగా ఉంటుంది. జవాబులు అక్కడే చార్టు మీద రాయండి, ఎవరు చేస్తారు, ఏ తేదీకి అని, కింద సర్పంచ్, కార్యదర్శి సంతకాలు. ఆ చార్టును బడి గోడకు అంటించండి, బీరువాలో పెట్టొద్దు. అడిగినవాటిని గ్రామసభ తీర్మానాల పుస్తకంలో ఎక్కించేటప్పుడు ఇద్దరు పిల్లలు పక్కన ఉండి చూడాలి.

రెండో తేదీ కూడా ఇప్పుడే పెట్టుకోండి, సభ అయిన రెండు నెలలకు. ఆ రోజు కొత్త కోరికలు అడగొద్దు, చార్టు దగ్గర నిలబడి ఒక్కొక్కటీ ఏమైందో పెద్దవాళ్ళు చెప్పాలి. కానివి కూడా చెప్పాలి. నేను చెప్పిన బెల్టు షాపు ఊళ్ళో షాపు పోలేదు, నిజం చెప్తున్నాను, మూడుసార్లు తీర్మానం చేసినా పోలేదు. కానీ ఆ దారిలో రెండు వీధి దీపాలు వచ్చాయి, స్పెషల్ క్లాసులు ఐదున్నరకే ముగించడానికి హెడ్‌మాస్టర్ ఒప్పుకున్నారు. షాపు ఎందుకు తీయలేకపోయారో సర్పంచ్ గారు పిల్లల ముందు నిలబడి చెప్పారు. ఆ ఊరి పిల్లలు మరుసటి ఏడు కూడా వచ్చి మాట్లాడారు.

తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. చీటీల్లో పక్కకు తీయాల్సింది ఏదైనా వస్తే మాత్రం ఇక్కడ పెట్టకుండా, పిల్ల పేరు, ఊరి పేరు లేకుండా నాకు విడిగా మెసేజ్ చేయండి, మీ జిల్లాలో బాలల సంక్షేమ సమితిని ఎలా కలవాలో చెప్తాను.